ఇంట్లోనే 30 మందితో పుట్టినరోజు: అమ్మ కూడా ఫొటోలో ఉండేలా ఎలా చేయాలి

మా పెద్దవాడి మూడో పుట్టినరోజు ఫొటోలు ఇప్పటికీ చూస్తుంటాం. తాతయ్య ఉన్నారు, అత్తయ్య ఉంది, పక్కింటి పిల్లలంతా ఉన్నారు. నేను మాత్రం లేను. కేకు కోసినప్పుడు వంటింట్లో గారెలు వేస్తున్నాను. చప్పట్లు వినపడి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చేసరికి మొదటి ముక్క నోట్లో పెట్టడం కూడా అయిపోయింది.

ఆ తర్వాత కాకినాడలో మా మూడు గదుల ఫ్లాట్‌లోనే చాలా పుట్టినరోజులు చేశాను. "హాలు బుక్ చేయకుండా ఇంట్లో అంతమందికి ఎలా కుదిరింది? ఎంత వండావు? కేకు ఎన్ని కిలోలు?" అని తెలిసినవాళ్లు ప్రతిసారీ అడుగుతూనే ఉంటారు. అందుకే ఒకేచోట రాసి పెడుతున్నాను. ఇందులో లెక్కలన్నీ 30 మందికి, అంటే 18 మంది పెద్దలకీ 12 మంది పిల్లలకీ వేసినవి. మీ ఇంటికి 20 మందే వస్తుంటే మూడో వంతు తగ్గించుకోండి. 40 దాటుతుంటే మాత్రం మేడ మీదో, అపార్ట్‌మెంట్ కింది పార్కింగ్‌లోనో పెట్టుకోండి. ఇల్లు పట్టదు.

కావలసినవి

- కేకు 2 కిలోలు. కిలో కేకు 10, 12 మందికి వస్తుంది. పెద్దవాళ్లలో సగం మంది "షుగరమ్మా" అని చిన్న ముక్కతో సరిపెడతారు కాబట్టి 3 కిలోలు అక్కర్లేదు.
- చికెన్ బిర్యానీకి బియ్యం రెండున్నర కిలోలు, చికెన్ 3 కిలోలు. శాకాహారులైతే అదే బియ్యంతో వెజ్ పలావు, కూరగాయలు 2 కిలోలు.
- పులిహోరకి బియ్యం 1 కిలో, చింతపండు 120 గ్రాములు.
- సేమ్యా పాయసానికి పాలు 3 లీటర్లు, సేమ్యా 350 గ్రాములు, పంచదార అర కిలో. విడిగా ఇంకో అర లీటరు పాలు.
- పెరుగు 3 లీటర్లు. సగం పెరుగు చట్నీకి, సగం చిన్నపిల్లల పెరుగన్నానికి.
- 20 లీటర్ల మంచినీళ్ల టిన్నులు 2.
- ప్లేట్లు 40, గ్లాసులు 60. గ్లాసు ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తుండదు, మళ్లీ కొత్తది తీసుకుంటారు.
- కుర్చీలు 15, షామియానా సామాన్లు అద్దెకిచ్చే షాపు నుంచి. పిల్లలు కింద కూర్చుంటారు, వాళ్లకి జంపఖానా చాలు.
- బెలూన్లు 50, గాలి కొట్టే చేతి పంపు. నోటితో ఊదుదామనుకుంటే పదో బెలూన్‌కే కళ్లు తిరుగుతాయి.
- పసుపు, కుంకుమ, అక్షతలు, హారతి పళ్లెం, కర్పూరం.
- పెద్ద చెత్త సంచులు 4. అందరూ మరిచిపోయేది ఇదే.
- కొవ్వొత్తులు, ఒక అగ్గిపెట్టె. అగ్గిపెట్టె అని నొక్కి చెప్పడానికి కారణముంది. స్టవ్ వెలిగించే లైటరు ఉత్త నిప్పురవ్వలే విసురుతుంది, దాంతో కొవ్వొత్తి అంటుకోదు. మా ఇంట్లో ఒకసారి అందరూ పాట మొదలుపెట్టాక మా మరిది అగ్గిపెట్టె కోసం కిందికి పరుగెత్తాడు.

1. ముందు రోజు తేల్చుకోండి: తిథా, తారీఖా?

ఇంట్లో పెద్దవాళ్లు తిథి అంటారు, పిల్లలు తారీఖు అంటారు. చాంద్రమాన సంవత్సరానికి దాదాపు 354 రోజులే కాబట్టి తిథి ఏటా సుమారు 11 రోజులు ముందుకి జరుగుతుంది, అధికమాసం వచ్చిన ఏడు మళ్లీ వెనక్కి వెళుతుంది. రెండూ దాదాపు ఒక్కచోటికి వచ్చేది 19 ఏళ్లకోసారి. అందాకా వాదించుకునే బదులు తిథి రోజు పొద్దున్నే ఇంట్లోవాళ్ల వరకు తలంటు, పూజ, పాయసం పెట్టుకోండి. నలుగురినీ పిలిచేది తారీఖు రోజునో, దాని దగ్గరి ఆదివారమో పెట్టుకోండి. పిల్లలకి రెండు పుట్టినరోజులు వచ్చినట్టవుతుంది, వాళ్లకి అంతకన్నా కావలసిందేముంది!

తిథి చూసేటప్పుడు పుట్టిన మాసం, పక్షం, తిథి మూడూ పంచాంగంలో చూడాలి. కొన్ని ఇళ్లలో జన్మనక్షత్రం పాటిస్తారు. మీ ఇంటి పద్ధతి ఏమిటో ఫోన్‌లో అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి. అడిగినందుకే వాళ్లు సంతోషిస్తారు.

2. పిలిచేటప్పుడు మూడు టైములు చెప్పండి

"సాయంత్రం ఆరింటికి రండి" అంటే ఏడున్నరకి వస్తారు. మనమూ అంతే కదా. అందుకని పిలుపులోనే "అయిదున్నరకి ఆటలు, ఆరున్నరకి కేకు, ఏడున్నరకి భోజనం" అని పెట్టండి. కేకు టైము విడిగా కనిపిస్తే జనం దాన్ని అందుకోవడానికి ప్రయత్నిస్తారు.

ఫోన్‌లోనే ఇంకో ప్రశ్న అడగండి: "మీ పిల్లలకి పడనిది ఏమైనా ఉందా?" పల్లీలు, జీడిపప్పు, గుడ్డు, పాలు పడని పిల్లలు ఉంటారు. పులిహోరలో పల్లీలు, పాయసంలో జీడిపప్పు ఎలాగూ వేస్తాం. ముందే తెలిస్తే ఆ బిడ్డకి ఒక గిన్నెడు విడిగా తీసి పెట్టొచ్చు.

కింది ఫ్లాట్ వాళ్లకి, వాచ్‌మన్‌కి ఒక రోజు ముందే చెప్పండి. బండ్లు ఎక్కడ పెట్టుకోవాలో కూడా అప్పుడే మాట్లాడుకోండి.

3. వంట: ఏది కొనాలి, ఏది వండాలి

అసలు కష్టమంతా ఇక్కడే. నా నియమం ఒక్కటే. సాయంత్రం నాలుగు తర్వాత స్టవ్ మీద వేడి చేయడం తప్ప ఇంకేమీ జరగకూడదు. గారెలు, బజ్జీలు, పూరీలు వేడివేడిగా వేస్తేనే బాగుంటాయి, నిజమే. కానీ వేసే మనిషి వంటింట్లో నూనె ముందే నిలబడాలి. ఆ మనిషి ఎప్పుడూ అమ్మే అవుతుంది. కాబట్టి నూనెలో వేయించేవి మెనూలోంచి తీసేయండి. వేయించినవి ఉండాల్సిందే అంటే మిక్చరో, చేగోడీలో కొనండి. మా ఊళ్లో అయితే గొట్టం కాజా ఒక కిలో తెచ్చి పెడితే పాయసం కంటే ముందు అదే అయిపోతుంది.

బిర్యానీ తెలిసిన వంటమనిషికో, కేటరింగ్ వాళ్లకో చెప్పేయండి. "అన్నీ నేనే చేశాను" అనిపించుకోవాలని నాకూ ఉండేది. ఇంట్లోనే చేస్తామంటే రెండున్నర కిలోలు ఒకే గిన్నెలో వేయకండి. ఇంటి స్టవ్ మంట అంత పెద్ద గిన్నె అంతటా తగలదు. అడుగు మాడుతుంది, పైన బియ్యం పలుకుగా ఉండిపోతుంది. రెండు గిన్నెల్లో రెండు విడతలుగా చేసి, దమ్ పెట్టేటప్పుడు కింద పెనం పెట్టండి.

మీరు చేయాల్సినవి పులిహోర, పాయసం.

పులిహోర గుజ్జు రెండు రోజుల ముందే ఉడికించి సీసాలో పెట్టుకోండి. పసుపు, పచ్చిమిర్చి, ఉప్పు వేసి నూనె పైకి తేలేదాకా ఉడికిస్తే పాడవదు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం పలుకుగా వండి, పెద్ద పళ్లెంలో పరిచి, కాస్త నూనె, పసుపు, కరివేపాకు వేసి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి అన్నంలో గుజ్జు కలిపితే ముద్దవుతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. కలిపాక గంటసేపు ఊరనిచ్చి రుచి చూడండి. ఉప్పు, పులుపు అప్పుడే అసలు తెలుస్తాయి. పోపులో పల్లీలు మాత్రం వడ్డించే ముందు కలిపితే కరకరలాడతాయి.

పాయసం మధ్యాహ్నం మూడింటికల్లా అయిపోవాలి, కాస్త చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. చల్లారేకొద్దీ సేమ్యా పాలన్నీ పీల్చుకుని సాయంత్రానికి ఉప్మాలా తయారవుతుంది. ఆ అర లీటరు పాలు విడిగా ఎందుకు రాశానో ఇప్పుడు అర్థమైంది కదా? వడ్డించే ముందు ఆ పాలు కాచి పోసి, కలిపి వేడి చేయండి. పంచదార బదులు బెల్లం వేసేవాళ్లు స్టవ్ ఆపి, పాలు కాస్త చల్లారాకే బెల్లం పాకం పోయండి. మరిగే పాలలో బెల్లం పడితే విరిగిపోయే ప్రమాదం ఉంది.

4. కేకు

మూడు రోజుల ముందే చెప్పండి. పేరు తెలుగులో రాయించాలనుకుంటే కాగితం మీద స్పష్టంగా రాసి బేకరీలో ఇవ్వండి. ఫోన్‌లో చెబితే "శ్రీహాన్" కాస్తా "సీహన్" అయి వస్తుంది, నాకు అనుభవమే.

తెచ్చేటప్పుడు బైకు మీద ఒళ్లో పెట్టుకుని తేవద్దు. కారులో అయినా సీటు మీద కాదు, కింద కాళ్లు పెట్టే చోట పెట్టండి. సీటు వెనక్కి వాలి ఉంటుంది, కేకు ఒక పక్కకి జారుతుంది. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. అందుకే డబ్బా కొలత ముందే కనుక్కుని, ఫ్రిజ్‌లో ఒక అర పొద్దున్నే ఖాళీ చేయండి. మన ఎండలకి క్రీమ్ కేకు బయట అరగంట కంటే నిలవదు.

ఇంట్లోనే చేసుకోవాలనుకునేవాళ్లకి గుడ్డు లేని కుక్కర్ కేకు కొలతలు ఇవి. పెరుగు 1 కప్పు, పంచదార పొడి ముప్పావు కప్పు, నూనె అర కప్పు, మైదా ఒకటిన్నర కప్పులు, బేకింగ్ పౌడర్ ఒకటీ పావు చెంచా, సోడా అర చెంచా, వెనీలా 1 చెంచా. చెంచా అంటే టీ చెంచా. పెద్ద కుక్కర్‌లో రెండు కప్పుల ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతకున్న రబ్బరు, విజిలు రెండూ తీసేసి పది నిమిషాలు వేడి చేయండి. తర్వాత గిన్నె పెట్టి సన్న మంట మీద 40 నుంచి 45 నిమిషాలు ఉంచండి. రబ్బరు, విజిలు తీయడం మరవకండి. మొదటి అరగంట మూత తీసి చూడకండి, కేకు కుంగిపోతుంది. మధ్యలో పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటకుండా రావాలి. ఇది చిన్న కేకే, 8 మందికి వస్తుంది. కోయడానికి ఇది పెట్టి, మిగతావాళ్లకి కప్ కేకులు కొనొచ్చు.

దీపం ఆర్పడం ఇష్టంలేని పెద్దలు ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు. ఎన్నేళ్లు నిండాయో అన్ని ప్రమిదలు పళ్లెంలో పేర్చి బిడ్డ చేత, మీరు చేయి పట్టుకుని, వెలిగించండి. తర్వాత కేకు కోయండి. ఊదాలని పిల్లలు పట్టుబడితే కొవ్వొత్తిని కేకు మీద కాకుండా చిన్న ప్లేటులో ఒక లడ్డూకి గుచ్చండి. జలుబుతో ఉన్నవాడు కేకంతా తుంపర్లు చల్లే గొడవ తప్పుతుంది.

5. పొద్దున్న ఇంటివాళ్లకే

సాయంత్రం వచ్చేవాళ్లతో ఎలాగూ గడిచిపోతుంది, బిడ్డని దగ్గర కూర్చోబెట్టుకునే టైము పొద్దున్నే. నువ్వుల నూనె కాస్త గోరువెచ్చగా చేసి మాడుకి పెట్టి, సున్నిపిండితో తలంటు పోయండి. కొత్త బట్టలకి ఒక మూల పసుపు బొట్టు పెట్టి తొడగండి. తెల్ల డ్రెస్ అయితే పసుపు లోపలి అంచుకి. తూర్పుముఖంగా పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, అక్షతలు వేసి, హారతివ్వండి. "శతమానం భవతి" అనడం వస్తే అనండి, రాకపోతే "నూరేళ్లు చల్లగా ఉండు నాన్నా" అన్నా చాలు.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న బాబాయిలకి, పెద్దమ్మలకి వీడియో కాల్ ఇప్పుడే చేయించండి. సాయంత్రం గోలలో చేస్తే ఎవరి మాటా ఎవరికీ వినపడదు.

6. ఇల్లు సర్దడం, జాగ్రత్తలు

అలంకరణ ఒక్క గోడకే చేయండి. ఆ గోడ ముందే కేకు బల్ల, ఆ గోడ ముందే ఫొటోలు. మిగతా గదులకి రిబ్బన్లు కట్టి అలిసిపోవద్దు. పగిలే వస్తువులు, మందుల డబ్బా, ఇస్త్రీ పెట్టె ఒక గదిలో పెట్టి తాళం వేసేయండి.

మూడు విషయాల్లో మాత్రం నేను రాజీపడను.

మొదటిది స్ప్రే. కేకు మీద కొవ్వొత్తి వెలుగుతుండగా మంచులా పడే నురగ స్ప్రే కొడతారు చూడండి, ఆ డబ్బాల్లో చాలావాటిల్లో మండే వాయువు ఉంటుంది. ఒక పుట్టినరోజులో మంట ఒక్కసారిగా పైకి లేచి పిల్ల జుట్టు కొస అంటుకోవడం నా కళ్లతో చూశాను. వాళ్ల నాన్న చేత్తో కొట్టి ఆర్పేశాడు కాబట్టి సరిపోయింది. మా ఇంటికి ఎవరు తెచ్చినా గుమ్మం దగ్గరే తీసి పైన పెట్టేస్తాను. మొహమాటపడను.

రెండోది గ్యాస్ బెలూన్లు. హీలియం ఖరీదు కాబట్టి హైడ్రోజన్ నింపి అమ్మేవాళ్లున్నారు. దానికి నిప్పు తగిలితే పేలుతుంది. ఏది నింపారో తెలియకపోతే కొనకండి. మామూలు గాలి బెలూన్లు గోడకి అతికిస్తే సరిపోతుంది.

మూడోది పగిలిన బెలూన్ ముక్కలు. నడక నేర్చిన పిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి. పగిలినవి పగిలినట్టే ఏరి పారేసే పని ఒక పెద్ద పిల్లకి అప్పగించండి.

7. సాయంత్రం ఇలా నడపండి

4:30: బిడ్డకి కడుపునిండా ఏదైనా పెట్టేయండి. మధ్యాహ్నం గంట నిద్ర కూడా అయి ఉండాలి. కేకు ముందు ఏడ్చే పిల్లల్లో చాలామంది ఆకలితోనో, నిద్రమత్తుతోనో, కుట్టు గుచ్చుకునే కొత్త బట్టలతోనో ఏడుస్తారు. మెత్తని బట్టలు ఒక జత పక్కన ఉంచండి.

5:30: ఆటలు. కుర్చీలాట అందరికీ వచ్చు, కాకపోతే ఓడినవాళ్లు పక్కకెళ్లి అలుగుతారు. ఓడినవాళ్లకి పాట ఆపే పని ఇవ్వండి. నాలుగు స్తంభాలాట నాలుగు మూలలున్న ఏ గదిలోనైనా ఆడొచ్చు. పెద్దవాళ్లకి అంత్యాక్షరి మొదలుపెట్టి వదిలేయండి, భోజనాలకి పిలిచినా లేవరు. బహుమతి పెన్సిలైనా సరే, ఆడిన ప్రతి బిడ్డకీ ఒకటి ఉండాలి.

6:30: కేకు. ఎవరో ఒకరు "దారిలో ఉన్నాం, పది నిమిషాలు" అంటారు. ఆగకండి. ఆ పది నిమిషాలు నలభై అవుతాయి, ఈలోగా పన్నెండు మంది పిల్లలకి ఓపిక అయిపోతుంది. సొంత మేనమామే అయినా వచ్చాక ఇంకో ముక్క తినిపిస్తాడు. స్టవ్ అన్నీ ఆపేసి, వంటింట్లో ఎవరూ లేరని చూసుకుని అప్పుడు పాట మొదలుపెట్టండి. ఫోన్ ఒక్కరి చేతిలోనే ఉండాలి. పదిమంది ఫోన్లెత్తితే బిడ్డ ఎటు చూడాలో తెలియక బిక్కమొహం వేస్తుంది. మొహానికి కేకు పూయడం పిల్లలకి నచ్చదు, దాన్ని పెద్దవాళ్ల పుట్టినరోజులకి దాచుకోండి.

7:30: భోజనాలు. పిల్లలకి ముందు, జంపఖానా మీద వరసగా కూర్చోబెట్టి. బిర్యానీ కారంగా ఉంటే పెరుగన్నం సిద్ధంగా ఉంచండి. పెద్దవాళ్లకి బల్ల మీద పెట్టేసి వడ్డించుకోమనండి, కానీ తాతయ్యలకి, అమ్మమ్మలకి మాత్రం కూర్చున్న చోటికే ప్లేటు వెళ్లాలి. వాచ్‌మన్ కుటుంబానికి, పనిమనిషికి వేడిగా ఉన్నప్పుడే మొదట్లోనే పంపండి. అందరూ తిన్నాక మిగిలింది ఇవ్వడం నాకు నచ్చదు.

పది గంటలకల్లా పాటలు ఆపేయండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని నిబంధన ఎలాగూ ఉంది, పక్క ఫ్లాట్‌లో పరీక్షలకి చదువుకునే పిల్లలూ ఉంటారు.

8. బహుమతులు, మిగిలినవి

రిటర్న్ గిఫ్టుగా చిన్న స్టీలు డబ్బా, రంగుల పెన్సిళ్లు, పూలమొక్క ఇలాంటివి మంచివి. ఈలలు, బూరలు ఇవ్వకండి, ఆ పిల్లల అమ్మలు మిమ్మల్ని తిట్టుకుంటారు. వచ్చిన బహుమతులు అందరి ముందూ విప్పొద్దు. ఎవరు ఏది ఇచ్చారో కవరు మీద పెన్నుతో రాసి పెట్టుకుని మర్నాడు విప్పండి.

బిర్యానీ, చికెన్, పాయసం రెండు గంటలకి మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద గిన్నె అలాగే పెడితే లోపల చల్లబడదు, చిన్న డబ్బాల్లోకి తీయండి. పులిహోర మర్నాడు పొద్దున టిఫినుకి పనికొస్తుంది. నిజానికి అప్పుడే ఇంకా బాగుంటుంది.

బాగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

మర్నాడు గిన్నెలు చూడండి. అన్నం పావు వంతు కంటే ఎక్కువ మిగిలితే మీ లెక్క ఎక్కువైంది, ఎంత వండారో ఎంత మిగిలిందో క్యాలెండర్ వెనక రాసిపెట్టుకోండి. నా 30 మంది లెక్క అలా రాసుకుంటూ వచ్చిందే. చివర తిన్నవాళ్లకి పాయసం అందిందా అని కూడా అడగండి. అందకపోతే వచ్చేసారి పాలు ఒక లీటరు పెంచండి.

బిడ్డని "నిన్న ఏది బాగుంది?" అని అడగండి. మా చిన్నది ఒకసారి "తాతయ్య కుర్చీలాటలో పడిపోయాడు" అంది. కేకు ఏ రంగులో ఉందో దానికి గుర్తే లేదు.

ఆఖరున ఫొటోలు తిరగేయండి. మీరు ఎన్నిటిలో ఉన్నారో లెక్కపెట్టండి. కిందటేడు నేను పదకొండింటిలో ఉన్నాను. ఒకదాంట్లో చేతిలో గరిటె ఉంది, అది వచ్చేసారి చూసుకోవాలి.